గోడవైపు చీటీ

మార్చి 3

అక్కా,

ముందు మంచి కబురు. లైబ్రరీ చెక్కు వచ్చింది. మూడేళ్ళుగా నన్ను తన చుట్టూ తిప్పించుకున్న గుమాస్తా ఇవాళ తనే కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. నలభై రెండు వేలక్కా! వాళ్ళ పాత పుస్తకాలు ఎన్ని కుట్టానో, ఎన్నిటికి అట్టలు మార్చానో, అదంతా ఒక్క కాగితమై నా జేబులో కూర్చుంది.

షాపుకు వచ్చి షట్టరు సగం దించి నాన్న మేకు ముందు కూర్చున్నాను. కటింగ్ మెషీన్ పక్కన గోడకు నాన్న కొట్టిన ఆ పెద్ద మేకు నీకు గుర్తుండే ఉంటుంది. బాకీల చీటీలన్నీ దానికే గుచ్చేవాడు. బయటివాళ్ళవి మన వైపు, ఇంటివాళ్ళవి గోడవైపు. "ఇంటివాళ్ళు అరవరురా" అనేవాడు. నేనూ అదే పద్ధతిలో నెట్టుకొస్తున్నాను.

చీటీలు తీసి బల్ల మీద పరిచాను. అప్పులిచ్చే కళ్ళజోడుకి పదిహేను వేలు, నెలకు నూటికి మూడు వడ్డీ. ఆ మహానుభావుడి గురించి నీకు చెప్పాను కదా, ప్రతి శనివారం వచ్చి స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటాడు, తుడవడం అయ్యేలోపు ఆ వారం వడ్డీ చేతిలో పెట్టాలి. మెషీన్ మీద బ్యాంకుకి ముప్పై ఎనిమిది. అందులో మూడు కిస్తీలు, అంటే పన్నెండు వేలు, గడువు దాటిపోయాయి. నెలాఖరులోగా కట్టకపోతే మెషీన్ పట్టుకుపోతామని నోటీసు పంపారు. అట్టల కొట్టు తాతకి తొమ్మిది. మా మామగారికి ఆరు. అన్నిటికీ అడుగున, పోయినేడు బావ నీ చేత పంపించిన ఇరవై. మొత్తం ఎనభై ఎనిమిది వేలు. చేతిలో ఉన్నది అందులో సగం కూడా కాదు.

నువ్వు రోజూ నీళ్ళపన్ను కౌంటర్లో కూర్చుని ఊరందరి డబ్బూ లెక్కపెట్టేదానివి. చెప్పు, ఎవరికి ముందు ఇవ్వను? బావది చివర పెట్టానని ఏమీ అనుకోకు. అడక్కుండానే ఇచ్చిన మనిషి, ఇంకొన్నాళ్ళు ఆగినా ఏమీ అనుకోరని ధైర్యం.

నీ మరదలు నా భుజం మీంచి చూసి, "ఎలా ఉన్నారని ఒక్క ముక్కైనా లేదేంటి అందులో" అంటోంది. ఎలా ఉన్నారు?

నీ తమ్ముడు


మార్చి 9

ఒరేయ్ తమ్ముడూ,

బాగానే ఉన్నాం. మరదలికి చెప్పు, ఆ ఇంట్లో నా సంగతి అడిగే మనిషి తనొక్కతేనని.

నలభై రెండు వేలు అన్నచోట రెండుసార్లు చదివాను. పక్క కౌంటర్ ఆవిడ "ఏంటి, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు" అంది. మా తమ్ముడు లక్షాధికారి కాబోతున్నాడన్నాను. లక్షకు దగ్గరగా ఉన్నది వాడి అప్పేనని చెప్పలేదు. ఆవిడా నేనూ పదకొండేళ్ళుగా ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుతున్నాం. అయినా కొన్ని చెప్పుకోలేం.

ఇప్పుడు చెవులు రిక్కించి విను. అప్పు తీర్చడానికి మొహాలు చూడకూడదు, వడ్డీ చూడాలి. కళ్ళజోడుకి నెలకు నాలుగు వందల యాభై ఊరికే పోస్తున్నావు. ముందు ఆ పదిహేను వేలూ అతని మొహాన కొట్టి ప్రోనోటు చింపించు. నీ కళ్ళ ముందు చింపాలి, "ఇంట్లో ఉంది, తర్వాత ఇస్తా" అంటే ఒప్పుకోకు. తర్వాత బ్యాంకుకి దాటిపోయిన పన్నెండు వేలు కట్టు. మొత్తం తీర్చేయక్కర్లేదు, మెషీన్ నిలబడితే చాలు. తాతకీ మీ మామగారికీ వడ్డీ లేదు కాబట్టి వాళ్ళు ఆగగలరు.

మిగిలిన పదిహేను వేలూ చేతిలో ఉంచుకో. నేను చెప్పేదాకా ఎవరికీ ఇవ్వకు.

ఉత్తరాలు ఎప్పటిలా ఆఫీసుకే రాయి, ఇంటి దగ్గర పోతున్నాయి. మీ బావ షాపుకి ఫోన్ చేయకు. మోటారుకి తీగ చుట్టేటప్పుడు ఎవరైనా కదిలిస్తే ఆయన లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదటి నుంచి చుట్టాలి. ఇప్పుడసలే మెయిన్ రోడ్డు మీద ఒక గది చూసి పెట్టుకున్నారు, దాని అడ్వాన్సు కోసం పైసా పైసా కూడబెడుతున్నారు. ఈ సందులో షాపు ఉందని కాలిపోయిన ఫ్యాన్లకైనా తెలియదని ఆయన బాధ.

అక్క


మార్చి 16

అక్కా,

కోప్పడనని ముందు మాటివ్వు, తర్వాత చదువు.

ఆదివారం మామగారింటికి భోజనానికి వెళ్ళాం. అందరూ కూర్చున్నాక ఆయన, "అల్లుడికి వడ్డించండి, బాకీ తీర్చడానికి ఓపిక కావాలి కదా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నీ మరదలు చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. నా మీద కోపం కాదక్కా, సిగ్గు. సోమవారం పొద్దున్నే ఆరు వేలూ తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. వడ్డీ లేదంటావు. ఆ మాట వడ్డీ కాదా మరి?

తర్వాత తాత. మంచం పట్టాడు. కొట్టులో వాళ్ళబ్బాయి కూర్చుంటున్నాడు, పాత బాకీ తీరితేగాని కొత్త అట్టలు ఇవ్వనన్నాడు. బడుల రిజిస్టర్ల పని వచ్చే కాలం ఇది, అట్టలు లేకపోతే మెషీన్ ఉండి ఏం కోస్తాను? తొమ్మిదీ ఇచ్చేశాను. కళ్ళజోడుకి ప్రస్తుతానికి ఐదు ఇచ్చి నోరు మూయించాను.

ఇంక ఇరవై రెండు ఉంది. ఆ పదిహేను చేతిలో ఉంచుకోమన్నావు గాని, నువ్వు చెప్పేదాకా డబ్బు ముట్టుకోకుండా ఉండడానికి నేను నిక్కరేసుకున్న పిల్లాడినా? ఇద్దరు పిల్లల తండ్రిని. కొంచెం నొచ్చుకున్నాను, దాచుకోవడం ఎందుకని చెబుతున్నాను.

అదీగాక ఆ ముక్క చదివినప్పటి నుంచి ఒక అనుమానం. బావ గది తీసుకుంటున్నారన్నావు. ఆయనకు డబ్బు అవసరమా? నోరు విడిచి చెప్పు. చెబితే ఈ ఇరవై రెండులో ఇరవై ఆయనకు పంపేస్తాను. బ్యాంకు వాళ్ళతో ఏదో తంటాలు పడతాను.

తమ్ముడు


మార్చి 22

తమ్ముడూ,

మాటివ్వలేదు కాబట్టి కోప్పడుతున్నాను. అరవై దాటిన మనిషి నవ్వుతూ అన్న మాటకు ఆరు వేలు, మంచాన ఉన్న మనిషిని చూసి తొమ్మిది వేలు! కళ్ళజోడువాడు మాత్రం హాయిగా కూర్చుని తుడుచుకుంటున్నాడు. నాన్నా ఇంతే. ఎవరు గట్టిగా దగ్గితే వాళ్ళకు ముందు ఇచ్చేవాడు. ఆ మేకుతో పాటు ఆ బుద్ధి కూడా నీకే రాసిచ్చాడు.

బావ డబ్బు మాట ఎత్తకు. ఆయనకేం అవసరం లేదు. నీ మెషీన్ పోగొట్టుకుని మాకు పంపుతానంటావా, బుద్ధి ఉందా? ఈ ఇరవై రెండులో పది కళ్ళజోడుకి, పన్నెండు బ్యాంకుకి. ఇంక ఎవరి మాటా వినకు. ఉత్తరం అందిన రోజే కట్టేయ్.

నొచ్చుకున్నావని రాశావు. నొచ్చుకో. నిన్ను ఎత్తుకుని తిరిగినదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది.

అక్క


మార్చి 26

తమ్ముడూ,

బ్యాంకులో ఆ పన్నెండు వేలు కట్టేశావా? కట్టకపోతే ఆగు. కారణం తర్వాత రాస్తాను. కట్టేసి ఉంటే అలా ఒక్క ముక్క రాయి, చాలు.

అక్క


ఏప్రిల్ 1

అక్కా,

కట్టేయమన్నావు, కట్టేశాను. రసీదు ఇంకా జేబులోనే ఉంది. కళ్ళజోడుకి పదీ ఇచ్చి ప్రోనోటు నా ముందే చింపించాను. రెండు రోజులు మనిషి మనిషిలా తిరిగాను. మూడో రోజు నీ రెండు ముక్కల ఉత్తరం వచ్చింది. ఆగు, కారణం తర్వాత! నెలాఖరుకి ఇంకా రెండు రోజులే ఉండగా ఆగమంటే మెషీన్ ఏం కావాలి? నీ మరదలు చదివి, "మీ బావగారికి కోపం వచ్చి ఉంటుంది, ఈవిడ చెప్పలేక ఇలా రాసింది" అంది. నాకూ అదే నిజమనిపించింది. డబ్బు తీసుకుని ఒక్క ఉత్తరమైనా రాయలేదు ఆయనకు, నువ్వు వద్దన్నావని. ఏ మగాడికైనా మండుతుంది.

అందుకే బూత్‌కి వెళ్ళి బావ షాపుకి ఫోన్ చేశాను. తిట్టుకో. "బావా, మీ ఇరవై వేలు మర్చిపోలేదు, ఈ సీజను అయ్యేలోపు ఇచ్చేస్తాను, అక్క మీద కోప్పడకండి" అన్నాను.

"ఏ ఇరవై వేలు?" అన్నారు.

పెద్దమనసుతో అంటున్నారనుకున్నాను. "అలా అనకండి బావా, పోయినేడు మీరివ్వకపోతే షాపు మూతపడేది" అన్నాను. వెనక ఏదో మోటారు తిరుగుతున్న చప్పుడు, అది ఆగిపోయింది. "సరే" అని పెట్టేశారు.

అక్కా, అక్కడ ఏం జరుగుతోంది? నేనేమైనా పాడుచేశానా?

తమ్ముడు


ఏప్రిల్ 6

తమ్ముడూ,

పాడుచేసింది నువ్వు కాదు, నేనే. నువ్వు చేసిన పనల్లా వద్దన్న చోటికి ఫోన్ చేయడం. దానికి తిట్టే ఓపిక ప్రస్తుతం లేదు, తర్వాత తిడతాను.

మీ బావ నీకు డబ్బివ్వలేదు. ఆయనకు తెలియదు. ఇరవై వేలూ మా ఆఫీసు ఉద్యోగుల సొసైటీలో నా పేరున అప్పు తీసుకుని పంపాను. నా డబ్బంటే నువ్వు తీసుకోవు, తిప్పి పంపేస్తావు. బావ ఇచ్చాడంటే మర్యాదకు ఉంచుకుంటావు. అందుకని ఆయన పేరు చెప్పాను. ఆయన్ను ఎందుకు అడగలేదంటే, ఏం చెప్పను? మా వాళ్ళ కోసం ఇంట్లో చెయ్యి చాచకూడదని ఒక పౌరుషం. చాచకుండానే ఇంత చేశాను.

జీతంలో కోత పడిందని ఇంట్లో చెప్పి ఎనిమిది వేలు తీర్చాను. పెద్దవాడి ఫీజులు మీద పడ్డాక నాలుగు నెలలు కట్టలేకపోయాను. పోయిన నెల ఇరవై ఐదున సొసైటీ కాగితం వచ్చింది. మిగిలిన పన్నెండు వేలూ ఈ ఏప్రిల్ ఇరవైలోగా కట్టాలట. కట్టకపోతే హామీ సంతకం పెట్టినవాళ్ళ జీతంలో కోస్తారట. హామీ పెట్టింది పక్క కౌంటర్ ఆవిడ. ఆవిడ జీతం మీద నలుగురు బతుకుతున్నారు. కాగితం ఒక కాపీ ఆవిడకీ వెళ్ళింది. ఆవిడ మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పదకొండేళ్ళ తర్వాత నేను ఒక్కదాన్నే తిన్నాను, తినలేదనుకో.

మీ బావ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అంతా చెప్పాను. విని, "ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?" అన్నారు. లేవన్నాను. నమ్మారో లేదో తెలియదు. నీ ఫోన్ వచ్చినప్పుడు చుడుతున్న మోటారు రెండు రోజుల్లో కాలిపోయి వెనక్కి వచ్చిందట. ఇంట్లో అన్నం తానే పెట్టుకుని తింటున్నారు, కంచం తానే కడుక్కుంటున్నారు.

నీకొకటి చెప్పాలి. నాన్న పోయాక ఆ మేకు ఖాళీ చేసింది నేను. అన్నిటికంటే అడుగున, గోడకు ఆనుకుని మేనత్త చీటీ ఉంది. కాగితం ఎర్రగా మాగిపోయింది. గాజులమ్మి నాన్నకిచ్చిన డబ్బు. ఆవిడ చచ్చిపోయేదాకా ఒక్కసారీ అడగలేదు. అడగలేదు కాబట్టి అందరం ఆవిడను బంగారం లాంటి మనిషి అన్నాం, బాకీ మాత్రం ఎవరం తీర్చలేదు. ఆ చీటీ చింపేస్తూ నేను ఏడ్చాను, నీకు చెప్పలేదు. అది చూసి కూడా నేను ఆవిడ లాగే తయారయ్యాను. పదిహేను వేలు చేతిలో ఉంచుకోమన్నాను గాని అది నాకోసమని రాయలేకపోయాను. డబ్బు అవసరమా అని నువ్వు నోరు తెరిచి అడిగావు. నేనే వద్దన్నాను, పైగా బుద్ధి ఉందా అని తిట్టాను. మూడు రోజులకే కాగితం వచ్చింది.

నాకు మేనత్త లాంటి మంచి పేరు వద్దు. తమ్ముడూ, నా డబ్బు నాకు ఇవ్వు. పన్నెండు వేలు, ఇరవయ్యో తేదీ లోపల. ఎక్కడి నుంచి తెస్తావో నాకు తెలియదు. అడుగుతున్నాను.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

ఇందులో నీ పేరున పన్నెండు వేల డీడీ ఉంది. ముందు అది జాగ్రత్తగా తీసి పెట్టుకో, తర్వాత చదువు.

ఎక్కడి నుంచి తెచ్చానో చెబితే నీకు కళ్ళు తిరుగుతాయి. మామగారి దగ్గరికి వెళ్ళాను. "తీర్చి నెల కాలేదు, మళ్ళీనా" అన్నారు, నీ మరదలి ముందే. తాత మంచం మీంచే నా చెయ్యి పట్టుకుని, నువ్విచ్చింది మిల్లుకు కట్టేశాం నాయనా, కావాలంటే అట్టలు అరువిస్తాను అన్నాడు. అట్టలు నీ సొసైటీ వాళ్ళు తీసుకోరుగా. మిగిలింది ఒక్కడే. నన్ను చూడగానే కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టాడు. "తీర్చినవాడికి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తానయ్యా" అన్నాడు. ఈసారి నూటికి నాలుగు. సంతకం పెట్టేటప్పుడు నువ్వు రాసిన లెక్కంతా గుర్తొచ్చింది. అయినా పెట్టాను.

ఇప్పుడు నా వంతు. నాకూ కోపం ఉంది. నన్ను అడక్కుండా నన్ను నీ అబద్ధంలో కూర్చోబెట్టావు. బావ నాకు ఇవ్వని డబ్బుకు ఏడాదిగా ఆయన్ను తలుచుకుని దండం పెట్టుకుంటున్నాను. నీది అని తెలిస్తే తీసుకునేవాణ్ణి కాదన్నావు. నిజమే, తీసుకునేవాణ్ణి కాదు. కాని తెలిసి ఉంటే మామగారి మాట పడి ఉండేవాణ్ణి, ఆ ఆరు వేలూ నీకు పంపేవాణ్ణి. ఎవరిది ముందో ఎంచుకోమన్నావు, ఒక చీటీ మీద తప్పుడు పేరు రాసిచ్చి.

రాశాక చల్లారింది. మేనత్త సంగతి చదివి షాపులో కూర్చుని చాలాసేపు పని చేయలేకపోయాను. మేకు మీంచి అన్నీ తీసి నీది బయటికి గుచ్చాను. కత్తి దించిన ప్రతిసారీ అది కనబడుతోంది.

బావకు ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వే చెప్పు.

తమ్ముడు


ఏప్రిల్ 18

తమ్ముడూ,

నీ డీడీ బ్యాంకులో వేసి, నీ పేరున కొత్తది తీయించి ఇందులో పెట్టాను. కమీషన్ నేనే కట్టాను, అది నీ ఖాతాలో రాసుకుంటాను. ఉత్తరం అందగానే చెప్పులేసుకుని కళ్ళజోడు ఇంటికి వెళ్ళు. శనివారం దాకా ఆగకు. రోజుల లెక్కన ఎంతయితే అంత వడ్డీ కట్టి ఆ ప్రోనోటు చింపించు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నిన్న పొద్దున డీడీ పట్టుకుని సొసైటీకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా పుస్తకం తిరగేసి, "ఏం కడతారమ్మా, మీ ఖాతా పదిహేనో తేదీనే మూసేశాం కదా" అన్నాడు. పుస్తకం నా వైపు తిప్పి చూపించాడు. పన్నెండు వేలు, కింద మీ బావ సంతకం.

కౌంటర్ వదిలేసి నేరుగా షాపుకు వెళ్ళాను. తీగ చుడుతున్నారు. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారు. గడప దగ్గర నిలబడ్డాను, అయ్యేదాకా కదిలించలేదు. చివర ముడి వేశాక తలెత్తారు.

"ఎందుకు కట్టారు?" అన్నాను.

"నా పేరు చెప్పి ఇచ్చావుగా. నా పేరున ఇచ్చింది నేను కట్టకపోతే ఎలా?"

"గది అడ్వాన్సా?"

"గది వేరేవాళ్ళు తీసుకున్నారులే. ఫ్యాన్లు ఈ సందుకే వస్తాయి."

నాకు ఏడుపొచ్చింది. ఆయన లేచి నా దగ్గరికేమీ రాలేదు. ఇంకో మోటారు విప్పుతూ, "అడిగితే ఇచ్చేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి అడగలేకపోయావు, దానికే కష్టంగా ఉంది" అన్నారు. అంతే. రాత్రి నాతో కూర్చుని తిన్నారు, కంచం మాత్రం తానే కడుక్కున్నారు. ఆ మాట ఎప్పటికి మానుతుందో నాకు తెలియదు. నీ ఉత్తరంలో కోప్పడిన ముక్కలన్నీ రెండుసార్లు చదివాను. నువ్వన్నదీ నిజమే, తప్పుడు పేరు రాసిచ్చింది నేనే.

పక్క కౌంటర్ ఆవిడకు రసీదు చూపించాను. చూసి తల ఊపింది, క్యారేజీ మాత్రం కిటికీ బల్ల దగ్గరే ఉంది. ఇవాళ మధ్యాహ్నం నేనే నాది తీసుకెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. పొమ్మనలేదు.

బావకు ఏం రాయాలని అడిగావు. ఏమీ రాయకు. పెద్ద పెద్ద మాటలు రాస్తే ఆయన నాకిచ్చి చదవమంటారు. కొత్త చీటీలు రెండు రాయి. ఒకటి బావ, పన్నెండు వేలు. ఈసారి నిజంగా ఆయనదే. నెలకు ఎంతో కొంత, వెయ్యయినా సరే, షాపు చిరునామాకు నేరుగా ఆయన పేరునే పంపు. ఎవరు దగ్గినా, ఎవరు భోజనాల దగ్గర ఏమన్నా సరే, ముందు అది వెళ్ళాలి.

రెండోది అక్క, ఎనిమిది వేలు. తొందరేం లేదని రాయబోయి ఆగాను. తొందర ఉంది, పెద్దవాడి ఫీజు మళ్ళీ జూన్‌లో కట్టాలి. గోడవైపు గుచ్చావంటే వచ్చి ఆ మేకే పీకేస్తాను.

అక్క